కార్తెలు తెలిసిన ఊరు

మా జేజికి తాను పుట్టిన సంవత్సరం తెలీదు, పెండ్లయిన సంవత్సరమూ తెలీదు. ఏ కరువుకు ఇంట్లో ఎవరికి ఎన్నేండ్లో మాత్రం తడుముకోకుండా చెప్పేది. "గంజి కేంద్రాల కరువుకు మీ నాయన గోడ పట్టుకోని నడుస్తాండె" అనేది. అంటే 1952. ఆ ఏడు రాయలసీమలో చాలాచోట్ల గంజి కేంద్రాలు తెరిచినారు. మా జేజి చంకన బిడ్డనేసుకొని, చేత సత్తుగిన్నె పట్టుకొని పక్కూరి సత్రం ముందర వరసలో కూర్చునేదంట, గంజిలో ఉప్పెక్కువైన రోజు పోసేటోడితో పోట్లాడిందంట కూడా. కడుపుకు లేకపోతే నాలుకకు రుచి తెలీకుండా పోతాదా అని ఆమె వాదన. దానికి చాలా ముందరిది ధాతు కరువు. 1876లో మొదలై రెండేండ్లు పీడించిన ఆ కరువును చూసింది జేజి వాళ్ల ముత్తవ్వ. అయినా ఏ చెట్టు కింద ఎవరు కూలబడిందీ, ఎవరి దొడ్లో ఎన్ని ఎద్దులు పోయిందీ జేజికి నోటికొచ్చు. ఏడాదికో రెండేండ్లకో వచ్చి నాలుగు రోజులుండి పోయే చుట్టాల గురించి మాట్లాడినట్టు మాట్లాడేది ఆమె కరువుల గురించి, రాలేదంటే ఎందుకు రాలేదా అని అనుమానపడే రకంగా.

మా ఊరు ముదిగుబ్బకూ కదిరికీ నడుమ ఉంటుంది. ఎర్రనేల, చేతికందే లోతులోనే గరుసు, ఊరి చుట్టూ బోడిగుట్టలు, ఆ గుట్టల మీద సీతాఫలం, కలివి, బలుసు పొదలు. పడమటి మేఘాలు కనుమల అవతలే బరువు దించుకొని ఒట్టి గాలిని ఇటు తోలేవి. తూర్పునుంచి వచ్చేవి సముద్రం పక్కోళ్లను తడిపి తడిపి మా దాకా చేరేసరికి అలిసిపోయేవి. ఏడాది మొత్తానికి అనంతపురానికి దక్కేది దగ్గర దగ్గర 550 మిల్లీమీటర్లు, దేశంలో బాగా తక్కువ వాన పడేచోట్లలో మాదొకటని అంటారు. ఈ లెక్కలన్నీ నేను పెద్దయినాక చదువుకున్నవి. మాకు చిన్నప్పుడు తెలిసిన లెక్క వేరే ఉండేది, అది మా తాత నోట్లో ఉండేది.

ఉగాది నాడు గుడి దగ్గర పంచాంగం చదివే అయ్యవారు ఈ ఏడు వాన ఇన్ని పాళ్లు, అందులో సముద్రం మీద ఇంత, కొండల మీద ఇంత, భూమ్మీద ఇంత అని చెప్తాంటే, తాత పక్కనున్నోళ్లకు మాత్రమే వినపడేలా "సముద్రానికేల సామీ వాన, దానికేం తక్కువ?" అని గొణిగేవాడు. చదువు రాదు గానీ ఇరవై ఏడు కార్తెలూ వరస తప్పకుండా ఆయన వేళ్ల కణుపుల మీద ఉండేవి. రోహిణిలో రోళ్లు పగలాల, పగిలితేనే మృగశిరలో మబ్బు కడతాది. ఆరుద్రలో గొర్రు కట్టాల, పునర్వసు దాటితే కాయ చిన్నదైపోతాది. మఖా పుబ్బా వరుపైతే ఇంక ఆ ఏటి సంగతి దేవుడెరుగు. ఉత్తర చూసి ఎత్తర గంప అనే మాటను మేం సామెతగా వినలేదు, ఉత్తర కార్తె ఎండిపోయిన ఏడు మా వీధిలోనే రెండిండ్లకు తాళాలు పడేవి. సాయంకాలం తిన్నె మీద కూర్చొని, తువ్వాలు భుజం మీద నుంచి తీసి మోకాళ్లకు చుట్టుకొని, పడమటి గుట్ట మీదికి చూసి తాత ఒక మాట అంటే, ఆ మాట మీద తెల్లారి నాలుగైదు ఇండ్లవాళ్లు విత్తనం దించాలా వద్దా అని తేల్చుకునేవాళ్లు.

తొలి వాన పడి ఆగినాక ఆయన నన్ను వెంటేసుకొని గుట్టకింద చేనికి పోయేవాడు. నేల పై పొరను కాలి బొటనవేలితో గీరి, కింద నుంచి పిడికెడు మన్ను తీసి గట్టిగా పిసికి, నడుమెత్తు నుంచి జారవిడిచేవాడు. ముద్ద పడి పగిలిందా పదును సరిపోయినట్టు, చితికి అతుక్కుందా ఇంకొక పూట ఆగాల, పిడికిట్లోనే పొడైపోయిందా ఇంటికి పోవాల. ఆ మన్ను వాసన నాకు ఇప్పటికీ ముక్కుల్లో ఉంది, మామూలుగా అందరూ చెప్పుకునే తొలకరి వాసన కాదు అది, గీరిన చోట లోపల్నుంచి వచ్చే వాసన, కొంచెం తుప్పు, కొంచెం పాత గడ్డివేర్లు.

ఏరువాక నాడు ఎద్దుల కొమ్ములకు జాజు పూసి, కాడిమానుకు పసుపు కుంకుమ పెట్టి, ఓళిగలు తిని పొలానికి పోతే, ముందర నాయన గొర్రు తోలేవాడు, పక్కన అమ్మ ఒడి నిండా విత్తనం కట్టుకొని జడ్డిగంలోకి పిడికిలి సడలిస్తూ నడిచేది, వెనకాల తాడుతో కట్టిన వెదురుగొట్టం పట్టుకొని చిన్నత్త నడిచేది. ఆ గొట్టంలో పడేది వేరే విత్తనం. కొర్రలో కంది, జొన్నలో అనప, అలసంద, పెసర, చేని గట్టు వెంబడి ఆముదం, మూలమూలకు నాలుగు గోగుమొక్కలు, పుల్లకూరకూ తాళ్లకూ. ఏ సాలుకు ఏది, ఎన్ని సాళ్లకు ఒకసారి అనేది జేజి చెప్పేది, మగవాళ్లు వినేవాళ్లు. "అన్నీ ఒకే వానకు మొలుస్తాయి గానీ అన్నీ ఒకే ఎండకు సావవు" అనేది. కొర్ర మూడు నెలలకే ఇంటికొచ్చేది, అనప పుష్యమాసం మంచుకు కాసేది, కంది ఆ తర్వాత ఎప్పుడో. అన్నీ పోయిన ఏడు ఉత్తరలో నాలుగు చినుకులు పడితే చాలు, ఉలవలు చల్లేవాళ్లు. ఆ ఏడంతా పొద్దున ఉలవ గుగ్గిళ్లు, మధ్యాన్నం సంగటిలోకి ఉలవకట్టు, రాత్రికి మళ్లీ అదే. ఎద్దులకూ అదే. మేమూ ఎద్దులూ ఒకే తిండి తింటున్నామని మాకేమీ అనిపించేది కాదు, పైగా ఎద్దుల ఉలవలు బాగా ఉడికి ఉంటాయని నేనూ మా తమ్ముడూ తొట్టి దగ్గరికి పోయి తినేవాళ్లం.

మంచి ఏడు పండిన కొర్రలూ జొన్నలూ పాతరలో పోసేవాళ్లు. మా ఇంటి పాతర వాకిలి ముందరే, పైన బండ మూసి మన్ను కప్పితే దాని మీదే ఆడుకునేవాళ్లం. తెరిచే రోజు పిల్లల్ని దూరంగా నిలబెట్టేవాళ్లు. బండ తీసి చాలాసేపు ఊరికే వదిలేసి, తర్వాత తాడుకు దీపం కట్టి దించేవాళ్లు, దీపం ఆరిపోతే లోపల గాలి చెడ్డది, ఎవరూ దిగగూడదు. దీపం నిలిచినాక చిన్నాయన దిగేవాడు. అడుగున ఉన్న గింజ వేడిగా, పులిసిన వాసనతో పైకి వచ్చేది. దాన్ని ఎండబోసి దంచితే వచ్చే అన్నం తినడానికి కాస్త అలవాటు కావాల. కరువు ఏట్లో మాకు ఆ వాసనే అన్నం వాసన.

నేను పుట్టే నాటికే శెనక్కాయ వచ్చేసింది. ముందర మెట్ట మీది రెండు చేలలో వేసినారంట, నాకు ఊహ తెలిసేసరికి వంక పక్క చేలు తప్ప మిగతావన్నీ శెనక్కాయే. దాన్ని తిట్టుకునేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, నేను తిట్టలేను. మా ఇంటికి బోదకప్పు పోయి బండల మిద్దె వచ్చింది శెనక్కాయ డబ్బుతోనే, నాయన సైకిలు, చిన్నత్త పెండ్లి, నా కదిరి చదువు, అన్నీ ఆ కాయలోనుంచి వచ్చినవే. కొర్రలు కొనేవాడు లేడు, కాయలకు కదిరి నూనె మిల్లువాడు బండి దగ్గరికే ఎదురొచ్చేవాడు. అట్లా జిల్లా జిల్లా అంతా మళ్లిపోయింది. ఒక దశలో అనంతపురం జిల్లాలో ఒక్క వానాకాలానికే ఏడు లక్షల హెక్టార్లకు పైన శెనక్కాయ వేసినారు. వెదురుగొట్టం అటక ఎక్కింది. జేజి మాత్రం కంది సాలు వదిలేదానికి ఒప్పుకోలేదు, ఏడెనిమిది సాళ్లకొకటి ఉండాల్సిందే.

వైశాఖంలో విత్తనం వలిచే రాత్రులు ఉండేవి. అరుగుల మీద, వాకిళ్లలో, చింతచెట్టు కింద, లాంతరు చుట్టూ ఆడవాళ్లు కూర్చొని వేళ్ల మధ్య కాయను నొక్కి పప్పు విరగకుండా తీయాల, విరిగితే అది విత్తనానికి పనికిరాదు, పిల్లల నోట్లోకి పోతుంది. కాబట్టి మేం కూర్చునేది ఎక్కువ విరగ్గొట్టే అత్తల పక్కన. పొట్టు గాలికి లేచి తలలంతా ఎర్రగా అయ్యేది. పంట పెరికే రోజులు ఇంకా బాగుండేవి. ఆశ్వయుజం చివర, కార్తీకం మొదట్లో, తెల్లారుజామున మంచు ఆకుల మీద ఉండగానే చేనిలో దిగి, మంచు తడికి మెత్తబడిన నేల నుంచి చెట్టును వేళ్లతో సహా లాగితే వచ్చే ఆ పచ్చి వాసన, దులిపితే రాలే ఎర్రమన్ను, పెరికిన కట్టెను వరసలుగా పరుచుకుంటూ పోయే ఆడవాళ్ల పాటలు, పొద్దెక్కినాక గట్టు కింద ఎండు కట్టెతో మంట వేసి అందులో కాల్చిన పచ్చికాయలు, నల్లగా మాడిన వాటిని ఊదుకుంటూ తింటే మూతి చుట్టూ మసి. ఇంట్లో కాగులో ఉప్పేసి ఉడకబెట్టిన కాయలు వేరే. చేనులన్నీ అయిపోయినాక పిల్లలం చిన్న కొడవళ్లు పట్టుకొని పరిగె ఏరుకునేవాళ్లం, భూమిలో మిగిలిన కాయలు ఎవరు తవ్వుకుంటే వాళ్లవి. ఆ కాయలు అంగట్లో పోస్తే బొరుగులూ మసాలా మిరక్కాయ బజ్జీలూ, ఫాల్గుణంలో కదిరి తేరుకు చేతి ఖర్చూ. మీటరు గేజి రైల్లో కిటికీ పక్కన కూర్చొని, దవనం, మిరియాలు కట్టుకొని పోయి తేరు మీద విసిరి, తేరు కదిలినాక కింద పడిన మిరియాలు ఏరుకునే జనంలో ఎవరు ఏ మతమో కనిపెట్టడం ఎవరికీ అయ్యేది కాదు.

శెనక్కాయకు ఒక గుణముంది, పువ్వు పైన పూస్తుంది, కాయ కింద కాస్తుంది. పూత రాలినాక ఊడ ఒకటి కిందికి సాగి నేలలో దిగాల, దిగితేనే కాయ. ఆ దిగే రోజులే మఖా పుబ్బా. నేల మెత్తగా లేకపోతే ఊడ మొన నేలను తాకి, గుచ్చుకోలేక, అక్కడే ఎండిపోతుంది. ఒక ఏడు నాకు బాగా గుర్తు. ఆరుద్రలో మంచి పదునైంది, చేను మోకాటి దాకా పచ్చగా ఉంది, పూత విరగబూసింది. తర్వాత మబ్బులు వచ్చేవి, గుట్ట దాటేవి, పోయేవి. తాత ఒక చెట్టు పెరికి నా ముందర తలకిందులుగా పట్టినాడు. కింద నిండా ఊడలు, మొనలన్నీ నల్లగా. "దిగలేదబ్బీ" అన్నాడు, అంతే, ఆ చెట్టును తెచ్చి ఆవు ముందర వేసినాడు. చూసేదానికి చేను ఇంకా పచ్చగానే ఉంది.

అప్పుడు ఊరు ఊరంతా వాన కోసం పనిలో పడేది, ఆ పనులన్నీ పిల్లలకు పండగ. రోకలికి వేపమండల మధ్య కప్పను కట్టి, ఇంటింటికీ తిరిగితే ప్రతి ఇల్లాలూ బిందెతో నీళ్లు పోసేది, కప్ప మీద పడేది తక్కువ, మా మీద పడేది ఎక్కువ. తాగేదానికి నీళ్లు లేవని మూడు రోజులుగా గొణుగుతున్న జేజి కూడా ఆ ఒక్క బిందె మాత్రం వెనకాడకుండా కుమ్మరించేది. రాత్రుళ్లు గుళ్లో విరాటపర్వం చదివించేవాళ్లు, అది చదివితే వాన కురవాల్సిందే. ఒక రాత్రి నిజంగానే నాలుగు చినుకులు పడినాయి, చదివేటాయన పుస్తకం తడుస్తాదని లేవబోతే పెద్దోళ్లు లేవనీలేదు. వాటన్నిటికంటే నాకు ఇష్టం వరద పాశం. ఇంటింటికీ బియ్యం, బెల్లం ఎత్తి, గుట్ట మీద పాశం వండి, కడిగిన బండ మీద పోసేవాళ్లు. చేతులు వెనక్కి కట్టుకొని, మోకాళ్ల మీద వంగి నాలుకతో నాకి తినాల. ఎండకు కాలిన బండ, దాని మీద కాలే పాశం, బెల్లం వాసనకు వచ్చిన చీమలు, పక్కన మా తమ్ముడి తల నా తలకు గుద్దుకోవడం. మనుషులు ఇట్లా గొడ్లయి నాకితే వానదేవుడికి జాలి పుట్టాలంట. ఆయనకు పుట్టిందో లేదో గానీ మాకు మళ్లీ ఏడు వాన ఆలస్యమైతే బాగుండనిపించేది.

గడ్డి అయిపోయినాక తాత కొట్టం పైకప్పు పీకి ఎద్దులకు వేసినాడు. నల్లబడి, పొగచూరి, ఎన్నేండ్లదో ఆ బోద, దాన్ని ఉప్పునీళ్లతో తడిపి పెడితే ఎద్దులు తిన్నాయి. అమ్మావాళ్లు గుట్టల వెంబడి తిరిగి దొగ్గలాకు, చెంచలాకు, గురుగాకు ఏరుకొచ్చి ఎర్రగడ్డ, ఎండుమిరక్కాయ వేసి ఎనిపేవాళ్లు. నీళ్లకు వంకలోకి పోయి ఇసకలో చెలమ తవ్వేవాళ్లం. మోచేతి లోతుకు తడి, భుజం లోతుకు ఊట, టెంకాయ చిప్పతో ముంచి, గుడ్డ వడగట్టి కడవలో పోస్తే అది నిండేసరికి సగం పొద్దు. చెలమకు వరస ఉండేది, వరస కోసం పోట్లాటలు ఉండేవి, ఊట నిండేదాకా చెప్పుకునే కతలు ఉండేవి. చెలమ నీళ్ల తీపి నాకు తర్వాత ఎక్కడా దొరకలేదు.

హస్తలోనో చిత్తలోనో వాన వచ్చి చెరువు నిండి మరవ పారితే, ఊరంతా కట్ట మీదే. నీరుగంటి తాత ఆ రోజుకు పెద్దమనిషి. తలపాగా చుట్టుకొని తూము దగ్గర నిలబడి, ఎవరి మడికి ఎప్పుడు నీళ్లొస్తాయో చెప్పేవాడు, ఆయన మాటకు ఎదురు లేదు, ఆయన పారతో గండి కొడితేనే నీళ్లు కదలాల. మరవ దగ్గర గంగమ్మకు చీర సారె పెట్టి, వేటను కొట్టి, చీకటి పడేదాకా పిల్లలం నురగలో నానేవాళ్లం. కట్ట మీద కూర్చొని జేజి బుక్కరాయసముద్రం ముసలమ్మ కత చెప్పేది. పేరుకు ముసలమ్మేగానీ ఇంటికి చిన్న కోడలు, గండిపడిన కట్టను నిలబెట్టేదానికి తనను తాను నీళ్లకు ఇచ్చుకుంది. కాలేజీలో కట్టమంచి రామలింగారెడ్డి రాసిన 'ముసలమ్మ మరణం' పాఠం చెప్తాంటే నాకు ఆ కావ్యం ఎంతకూ ఎక్కలేదు, మా జేజి చెప్పిన దాంట్లో ముసలమ్మ చీర రంగు కూడా ఉండేది మరి.

ఆ తర్వాతివన్నీ చకచకా జరిగినాయి, నేను ఉద్యోగానికి ఊరు వదిలినాక జరిగినవి కాబట్టి నాకు అవి సెలవులకు వచ్చినప్పటి ముక్కలుగానే గుర్తు. బావి మీద కపిల పోయి ఇంజన్ వచ్చింది, ఇంజన్ పోయి కరెంటు మోటారు వచ్చింది, ఆ తర్వాత బావే పోయింది. తమిళనాడు తిరుచెంగోడు నుంచి బోరు బండ్లు వచ్చేవి. చిన్నాయన అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని చేనంతా నడిచేవాడు, అది లేచి నిలబడ్డ చోట బండి నిలిపేవాళ్లు. రాత్రంతా ఊరు ఊరే అక్కడ. మొదట ఎర్రదుమ్ము, తర్వాత తెల్లని రాతిపిండి, ఆ పిండి తడిస్తే అందరి ముఖాలూ వెలిగేవి. మొదట్లో రెండువందల అడుగుల లోపే పడిన నీళ్లు ఆరువందలకు పోయినాయి, ఎనిమిదివందలకు పోయినాయి, కొన్ని చేలలో వెయ్యి దాటినా పిండే. ఒక బోరుకు తెచ్చిన అప్పు తీరేదానికి ఇంకొక బోరు. మా నాయన రెండింటితో ఆగినాడు, అమ్మ ఆపింది. ఆగలేని ఇండ్లు కొన్ని ఉండినాయి. ఆ ఇండ్లలో జరిగినవి నేను ఇక్కడ రాయను, వాళ్ల పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయి ఎక్కడెక్కడో బతుకుతున్నారు.

2000లో చేలన్నీ మొవ్వులు మాడి చచ్చిపోయినాయి. కాండం కుళ్లు తెగులన్నారు, వయ్యారిభామ చెట్టు మీది వైరస్సును తామర పురుగులు మోసుకొచ్చినాయన్నారు, జిల్లాలో లక్షల ఎకరాలు పోయినాయి. ఒకటే పంట కదా, దానికి రోగమొస్తే మిగిలేదేముంది. అటక మీది వెదురుగొట్టాన్ని ఆ ఏడు జేజి దించి తుడిచి, మళ్లీ పైన పెట్టింది. 2002లో దేశం మొత్తానికే జులైలో పడాల్సిన వానలో సగమే పడింది. ఆ పునర్వసులో నేను ఊరికి పోతే తాత తిన్నె మీద అట్లనే కూర్చోనుండాడు, తువ్వాలు మోకాళ్లకు అట్లనే చుట్టుకోనుండాడు, పడమటికి చూస్తాండాడు గానీ ఏమీ చెప్పలేదు. అడిగేదానికి కూడా ఎవరూ రాలేదు. నేనే అడిగినాను, ఏమి తాతా ఎట్లుండాది అని. "కార్తెలు ఉండాయి గానీ వాటిలో వానలు ల్యావురా" అన్నాడు. కరువును ఆయన చాలాసార్లు చూసినాడు, దానికి భయపడే మనిషి కాదు. కరువుకూ ఒక పద్ధతి ఉండేది, ఏ కార్తె ఎండితే ఏం చేయాలో, ఏ గింజ దించాలో దానికి జవాబు ఉండేది. మృగశిర వాన రోహిణిలో పడి, ఆరుద్రంతా ఎండి, మఖ వాన స్వాతిలో కురిస్తే ఏ గింజ దించాలో చెప్పేదానికి ఆయన దగ్గర మాట లేదు.

2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, మన్మోహన్ సింగ్ వచ్చి ఉపాధి హామీ మొదలుపెట్టినాడు. మా పిన్నమ్మ ఇప్పటికీ దాన్ని కరువు పనే అంటుంది. ఆమె జాబ్‌కార్డు దేవుడి పటం వెనకాల ఉంటుంది. పొద్దున్నే పారా గంపా ఎత్తుకొని పోయి చేలల్లో నీటికుంటలు తవ్వి, పదకొండుకల్లా వచ్చి సంగటి కెలికే ఆమెను చూస్తే, మా ఊళ్లో ఇంకా నలుగురు ఆడవాళ్లు నిలబడింది ఆ పని మీదనేనని అనిపిస్తుంది. మగపిల్లలు బెంగళూరు పోయినారు. కట్టే ఇండ్ల దగ్గర, కట్టిన ఇండ్ల గేట్ల దగ్గర. కదిరి పక్క ఊర్లవాళ్లు కేరళ దాకా కూడా పోయినారు, అక్కడ వాన చూసి బిత్తరపోయి ఫోన్లు చేసేవాళ్లంట, ఇన్ని నీళ్లు ఎవరికి చెప్పుకోవాల అని.

2021 కార్తీకంలో ఆ నీళ్లు మాకే వచ్చినాయి. నవంబరు మూడో వారంలో చిత్రావతి పొంగింది, చెన్నేకొత్తపల్లి పక్కన నదిలో చిక్కుకున్నవాళ్లను హెలికాప్టరుతో తీసినారు. మా చెరువు ఎన్నో ఏండ్ల తర్వాత మరవ పారింది. చీర సారె పెట్టే తీరిక ఎవరికీ లేదు, కట్ట నడుమ నీరు చెమరుస్తుందని రాత్రి రెండు గంటలకు కేకలు. చెరువులో సర్కారు తుమ్మ కంప కమ్ముకొని తూము ఎక్కడుందో తెలియడం లేదు. ఇసక మూటలు మోసేదానికి వచ్చినవాళ్లంతా అరవై దాటినవాళ్లే అన్నాడు మా తమ్ముడు, వాడే ఆ గుంపులో చిన్నోడంట. నీరుగంటి తాత మనవడు బెంగళూరు నుంచి ఫోన్లో, వాళ్ల తాత చెప్పిన గుర్తు ప్రకారం, ఫలానా బండకు ఎడమ పక్క ఇన్ని బారలు అని చెప్తే, అక్కడ కంప నరికి తూము తెరిచినారు. కట్ట నిలిచింది. కుప్పలేసిన శెనక్కాయ మాత్రం నిలవలేదు, కుప్పలోనే మొలకలొచ్చింది, బూజు పట్టి కట్టె కూడా గొడ్లకు పనికిరాలేదు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే ఏడు శాతం ఎక్కువ ఆవిరి మోస్తుందని, అందుకే కురిసినప్పుడు ఒక్కసారిగా దించేస్తుందని వాతావరణం చదువుకున్నవాళ్లు చెప్తారు. తమ్ముడితో అంటే, "యాడాదికి పడే వాన పడతానే ఉంది లేన్నా, మూడు దినాల్లో పడితే నేనేం జేయాల" అన్నాడు.

మొన్న మృగశిర ముందర వాడు ఫోన్ చేసినాడు. ఇప్పుడు మా పక్క శెనక్కాయ మునుపటంత వేయడం లేదు, కూలీ దొరకదు, విత్తనం ఖర్చు తట్టుకోలేం, పందులు ఊడబెరికి పోతాండాయి. హంద్రీ నీవా కాలువ పారే ఊర్లవాళ్లు కృష్ణ నీళ్ల మీద చీనీ చెట్లు పెట్టుకుంటున్నారు, మాది కాలువకు ఎత్తు మీదుంది. గుట్టకింద చేనిలో కొర్ర వేస్తానన్నాడు. కొర్రలకు ఇప్పుడు రేటుందంట, చక్కెర జబ్బువాళ్లు పట్నాల్లో కిలోలు కిలోలు కొంటాన్నారంట. ఆ మాటకు ఇద్దరం నవ్వుకున్నాం, పాతర వాసన తలుచుకొని. విత్తనం చెన్నేకొత్తపల్లి పక్క నుంచి తెచ్చుకున్నాడు, ఆడ టింబక్టు సంఘంవాళ్లు చాలా ఏండ్లుగా చిరుధాన్యాలు వేయిస్తాండారు. అంతా సరేగానీ కొర్రలో జేజి ఏమేం కలిపేది, ఎన్ని సాళ్లకు ఏది, అమ్మను అడిగితే సగమే చెప్తాంది, నీకేమన్నా గుర్తుందా అని అడిగినాడు.

కంది ఒక్కటేరా సాళ్లలో, అనప కొర్రలో కాదు జొన్నలో వేసేది, అలసంద గట్టు పక్కకు, ఆముదం చుట్టూ అన్నాను.

"అనప నేను కొర్రలోనే ఏసి చూస్తా" అన్నాడు. "పితికిపప్పు తినాలని పిల్లోల్లు అడుగుతాండారు. ఆముదం మటుకు రెండు సాళ్లు ఏస్తాన్నా, పందులు దాన్ని ముట్టవంట."